వెలుతురు రాని ఫ్లాట్‌లో ఆకుకూరలు: గ్రో లైట్ ఎలా ఎంచుకోవాలి

మాది కూకట్‌పల్లిలో రెండో అంతస్తు. బాల్కనీ ఉంది గానీ పక్క అపార్ట్‌మెంటు గోడ చెయ్యి చాపితే అందేంత దగ్గర, పొద్దున ఓ ఇరవై నిమిషాలు ఎండ పడితే అదే గొప్ప. అమ్మకేమో పప్పు దింపే ముందు రెండు రెబ్బల కొత్తిమీర అప్పటికప్పుడు తెంపి వేస్తేనే వంట చేసినట్టు. ఊళ్లో పెరడున్న మనిషి, ఇక్కడ ఫ్రిజ్‌లో నల్లబడిన కట్ట తీసి బాగున్న ఆకులు ఏరుకుంటుంటే నాకు కష్టంగా అనిపించేది. అందుకే మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక గ్రో లైట్, అంటే ఎండకి బదులుగా మొక్కలకి వెలుగిచ్చే దీపం, కొన్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 1000 వాట్లు అని ఉంది, ఫొటోలో మొక్కలన్నీ ఊదారంగు వెలుగులో నిగనిగలాడుతున్నాయి.

పదిహేను రోజులకి మా కొత్తిమీర దారాల్లాగా సాగి, తల బరువు మోయలేక ఒకదాని మీద ఒకటి వాలిపోయింది. నీళ్లు ఎక్కువయ్యాయని తగ్గించాను, మట్టి మార్చాను, వేపపిండి కలిపాను. తప్పు లైటుదని తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు మీకు వృథా కాకూడదని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. గ్రో లైట్ల గురించి ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే సమాచారంలో చాలా భాగం గంజాయి పెంచేవాళ్ల కోసం రాసింది. కొన్ని దేశాల్లో దానికి అనుమతి ఉంది కాబట్టి అక్కడివాళ్లు రాసుకుంటారు. మన దగ్గర కుండీలో ఒక్క మొక్క పెంచినా నేరమే, మత్తుమందుల మీద 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 20 కింద పదేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. దాని జోలికి వెళ్లకండి. నేను ఆ మాట ఎత్తడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఆ లెక్కలు మన ఆకుకూరలకి పనికిరావు. అది పూత కోసం విపరీతమైన వెలుతురు కావాల్సిన పంట, వాళ్లు చెప్పే 18 గంటలు, 12 గంటలు అనే షెడ్యూళ్లు కూడా ఆ మొక్క స్వభావాన్ని బట్టి పెట్టుకున్నవి. అవి చూసి మెంతికూర కోసం 600 వాట్ల లైటు కొంటే డబ్బు పోతుంది, గది కొలిమి అవుతుంది, కూర మాడిపోతుంది.

మొదట చేయాల్సింది: ఏం పెంచుతారో, ఎంత చోటులో పెంచుతారో రాసుకోండి

లైటు చూడ్డానికి ముందు ఒక కాగితం తీసుకుని పంట పేరు, మొక్కలు పెట్టే అల్మరా పొడవు, వెడల్పు రాయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ చాలామంది ఇక్కడే తప్పుతారు, ముందు లైటు కొనేసి తర్వాత దాని కింద ఏం పెట్టాలా అని ఆలోచిస్తారు.

ఇంట్లో లైటు కింద తేలిగ్గా వచ్చేవి మొలక ఆకులు, అంటే మైక్రోగ్రీన్స్, మెంతి, పుదీనా, కొత్తిమీర, పాలకూర, లెట్యూస్. పచ్చిమిర్చి వస్తుంది, కానీ రెట్టింపు వెలుతురు అడుగుతుంది. టమాటా ఇంకా ఎక్కువ అడుగుతుంది. కరివేపాకు, తులసి ఎండకు అలవాటుపడ్డ మొక్కలు, వాటిని మేడ మీద పెట్టుకునే వీలుంటే అక్కడే ఉంచండి, లైటు కింద పెట్టి వాటిని ఇబ్బంది పెట్టొద్దు. మొదటిసారి అయితే మెంతితో మొదలుపెట్టమంటాను. నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తుంది, లైటు సరిపోతుందో లేదో త్వరగా చెప్పేస్తుంది.

తర్వాత: మొక్కకి ఎంత వెలుతురు కావాలో తెలుసుకోండి

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఈ ఒక్క సంగతి అర్థమైతే ఇక ఏ దుకాణదారుడూ మిమ్మల్ని మోసం చేయలేడు.

మన బల్బుల మీద రాసే ల్యూమెన్లు మనిషి కంటి లెక్క. మన కన్ను ఆకుపచ్చ-పసుపు వెలుగుని, అంటే 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉన్నదాన్ని ఎక్కువగా చూస్తుంది, ఎరుపు, నీలం తక్కువగా చూస్తుంది. మొక్క లెక్క వేరు. అది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుగు మొత్తాన్నీ వాడుకుంటుంది. ఆ మధ్య ఉండే కాంతి కణాలు సెకనుకి ఒక చదరపు మీటరు మీద ఎన్ని పడుతున్నాయో చెప్పే కొలతే పీపీఎఫ్‌డీ, దాన్ని, లెక్కలేనన్ని కణాల్ని ఒక గుత్తిగా లెక్కపెట్టే మైక్రోమోల్స్‌లో చెబుతారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇది 2000 దాకా ఉంటుంది. మా హాల్లో కిటికీకి ఆరడుగుల దూరంలో, కళ్లకి బాగానే వెలుతురుగా ఉన్నచోట, పది కూడా లేదు. మన కన్ను చీకటికి సర్దుకుంటుంది కాబట్టి తేడా తెలియదు, మొక్క మాత్రం ఆకలితో ఉంటుంది.

నేను పెట్టుకున్న లెక్క ఇది: మొలక ఆకులకి 100 నుంచి 150, పుదీనాకి 150 నుంచి 200, మెంతి, కొత్తిమీర, పాలకూరకి 200 నుంచి 250, పచ్చిమిర్చికి 400, టమాటాకి అంతకంటే పైన.

ఇది ఒక్క సెకను లెక్క. రోజు మొత్తం మీద మొక్క ఎంత తిన్నది అనేది ఇంకో లెక్క, దాన్ని డీఎల్ఐ అంటారు. పీపీఎఫ్‌డీని గంటలతో, 3600తో గుణించి పది లక్షలతో భాగిస్తే వస్తుంది. 200 చొప్పున 14 గంటలు వెలిగిస్తే రోజుకి సుమారు 10 మోల్స్. ఆకుకూరలకి 10 నుంచి 15 వస్తే చాలు. మిర్చికి 20 కావాలి, అంటే 400 చొప్పున 14 గంటలు. లైటు కొంచెం తక్కువైతే గంటలు పెంచి సర్దుకోవచ్చు, కానీ దానికీ హద్దు ఉంది. టమాటా మొక్కకి రాత్రనేదే లేకుండా 24 గంటలూ లైటు వేస్తే ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. మొక్కలకీ చీకటి కావాలి.

గంటల విషయంలో మన కూరలకి ఒక ప్రత్యేకత ఉంది. కొత్తిమీరకి పగలు మరీ పొడవైనా, వేడి తగిలినా త్వరగా పూతకి వచ్చేస్తుంది, ఆకు సన్నబడి సోంపు ఆకులాగా అయిపోతుంది. అందుకే దానికి 12 గంటలు మించొద్దు, వెలుతురు 250 దగ్గర పెట్టుకోండి. గోంగూర దీనికి పూర్తిగా వ్యతిరేకం, పగలు చిన్నదైతేనే పూస్తుంది. చలికాలంలో హైదరాబాద్‌లో పగలు 11 గంటల చిల్లర ఉంటుంది కాబట్టి బయట గోంగూర పూతకి వస్తుంది, అదే ఇంట్లో 14 గంటల లైటు కింద పెడితే ఆకు మీద ఆకు వేస్తూనే ఉంటుంది. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. డిసెంబర్‌లో అమ్మ మా ఇంట్లో కోసిన గోంగూరతో పచ్చడి చేసింది.

ఇప్పుడు: ఎన్ని వాట్లు కావాలో లెక్క వేయండి

లైటు ఎంత మంచిదో చెప్పేది వాట్లు కాదు. వాట్లు అది తాగే కరెంటు మాత్రమే. ఆ కరెంటుకి బదులుగా మొక్కకి ఎంత వెలుగు ఇస్తుందనేది ముఖ్యం. దాన్ని జౌలుకి, అంటే ఒక వాటు ఒక సెకనులో తాగే కరెంటుకి, ఇన్ని మైక్రోమోల్స్ అని చెబుతారు. మంచి గ్రో లైట్ బోర్డు (రేకు మీద చిన్న ఎల్ఈడీలు పరిచినది) 2.5 నుంచి 3 మధ్య ఇస్తుంది. మామూలు ఇంటి ఎల్ఈడీ ట్యూబ్ 1.4 చుట్టుపక్కల ఉంటుందని పెట్టుకుని లెక్క వేసుకోవచ్చు.

మా అల్మరా 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంటే 6 చదరపు అడుగులు, మీటర్లలో చెబితే 0.56 చదరపు మీటరు. దాని మీద 200 పడాలంటే ఆకుల మీదికి సెకనుకి సుమారు 112 మైక్రోమోల్స్ రావాలి. లైటులోంచి వచ్చే వెలుగులో ఐదో వంతు పక్కలకి పోతుంది, కాబట్టి లైటు 140 ఇవ్వాలి. 2.7 ఇచ్చే బోర్డు అయితే 52 వాట్లు సరిపోతాయి. ఇంటి ట్యూబ్‌లైట్లు అయితే 100 వాట్లు, అంటే 20 వాట్లవి ఐదు పెట్టాలి.

ఇంత లెక్క వద్దనుకుంటే గుర్తుపెట్టుకోడానికి: మంచి బోర్డుతో ఆకుకూరలకి చదరపు అడుగుకి 9 వాట్లు, మిర్చికి 17 లేక 18 వాట్లు. ఇంటి ట్యూబులతో అయితే దాదాపు రెట్టింపు. ఈ వాట్లు అన్నీ నిజంగా కరెంటు లాగే వాట్లు, డబ్బా మీద రాసినవి కాదు. ఆ తేడా ఎంత ఉంటుందో కింద చెబుతాను.

బోర్డా, ట్యూబ్‌లైట్లా, ఊదారంగు దీపమా

ముందు ఊదారంగు గురించి. ఆకులోని పచ్చదనం ఎరుపు, నీలం వెలుగుని బాగా పీల్చుకుంటుంది కాబట్టి ఆ రెండే చాలు అనే ఆలోచనతో అవి వచ్చాయి. 1990లలో నాసా పరిశోధనల్లో ఎరుపు ఎల్ఈడీల కింద మొక్కలు పెంచారు, అప్పటికి అవే బాగా పనిచేసేవి. తర్వాత నీలం ఎల్ఈడీ వచ్చింది, దాన్ని కనిపెట్టినవాళ్లకి 2014లో నోబెల్ ఇచ్చారు, ఆ నీలం మీద ఫాస్ఫర్ (వెలుగు రంగు మార్చే పదార్థం) పూత పూసే ఈరోజు తెల్ల ఎల్ఈడీలు చేస్తున్నారు. అయితే 1972లోనే మెక్రీ అనే శాస్త్రవేత్త ఆకుల మీద ఒక్కో రంగు వేసి కొలిచి చూపించాడు, ఆకుపచ్చ వెలుగు కూడా మొక్కకి బాగానే పనికొస్తుందని. అది ఆకుల గుబురులో కింది ఆకులదాకా దిగుతుంది కూడా.

అందుకని ఇంట్లో తెల్ల వెలుగే పెట్టుకోండి. ఊదా వెలుగులో ఆకు పసుపు తిరిగిందో, పేను పట్టిందో కనపడదు, అన్నీ నల్లగానే ఉంటాయి. మా మెంతికి పేను పట్టి వారం రోజులైనా నేను గమనించలేదు, దాన్ని బయటికి తెచ్చి చూసేసరికి ఆకుల అడుగు నిండా ఉన్నాయి. ఇంకోటి, రాత్రి మా కిటికీలోంచి ఆ రంగు చూసి అసోసియేషన్ పెద్దాయన ఒకాయన తలుపు కొట్టి లోపల ఏం జరుగుతోందని అడిగాడు. లోపలికి పిలిచి కొత్తిమీర చూపించాను, ఆయన తర్వాత విత్తనాలు కూడా పట్టుకెళ్లాడు, కానీ ఆ పది నిమిషాల టెన్షన్ అమ్మకి అవసరం లేదు.

తెల్ల వెలుగులో రెండు దారులు. ఒకటి, ఇంటి ఎల్ఈడీ బ్యాటెన్లు, అంటే పట్టీతో సహా వచ్చే ట్యూబ్‌లైట్లు. ఒకటి రెండు అల్మరాలకి, మొలక ఆకులకి, పుదీనాకి, నారు పోసుకోడానికి ఇవి చక్కగా సరిపోతాయి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. నాలుగడుగుల 20 వాట్ల బ్యాటెన్లు హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఏ షాపులోనైనా దొరుకుతాయి, పాడైతే మర్నాడే మార్చుకోవచ్చు. ఆకుకూరలకి 6500 కెల్విన్లది, అంటే చల్లని తెలుపుది తీసుకోండి, దానిలో నీలం పాలు ఎక్కువ కాబట్టి మొక్క పొట్టిగా, గట్టిగా వస్తుంది. పసుపు వెలుగువి వద్దు. రెండోది, గ్రో లైట్ బోర్డు: అల్యూమినియం రేకు మీద వందల కొద్దీ చిన్న తెల్ల చిప్పులు, మధ్య మధ్యలో 660 నానోమీటర్ల ముదురు ఎరుపు చిప్పులు ఉంటాయి. మిర్చి పెంచాలన్నా, మూడు అల్మరాలు దాటి పెంచాలన్నా ఇదే తీసుకోండి. మొదట్లో ఖరీదు ఎక్కువే, కానీ అదే వెలుగుకి సగం కరెంటే తాగుతుంది.

పాత సోడియం వేపర్ దీపాలు, మన వీధి దీపాల్లో ఉండేవి, వాటిని ఇంట్లోకి తేవద్దు. 400 వాట్ల దీపం మే నెలలో మూసిన గదిలో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కొనేటప్పుడు డబ్బా మీద ఏం చదవాలి

నా మొదటి లైటు మీద 1000 వాట్లు అని ఉందన్నాను కదా. దాని నిజం నేను ఎలా తేల్చానో చెబుతాను, మీరూ ఇదే చేయొచ్చు, రూపాయి ఖర్చు లేదు.

మన కరెంటు మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్‌కి ఎన్ని మినుకులో రాసి ఉంటుంది, మా మీటరు మీద 3200 ఉంది. అంటే ఒక్కో మినుకు 0.3125 వాట్-అవర్. ఒక ఆదివారం ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి గ్రో లైట్ ఒక్కటే వేశాను. మీటర్లన్నీ కింద సెల్లార్‌లో ఉంటాయి, నేను మీటరు ముందు కూర్చున్నాను, వాచ్‌మన్ మల్లేశన్న ఫోన్‌లో టైం చూస్తున్నాడు, నేను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాను. మూడు నిమిషాల్లో 18 సార్లు వెలిగింది. 18ని 0.3125తో గుణిస్తే 5.6 వాట్-అవర్లు, మూడు నిమిషాలు గంటలో ఇరవయ్యో వంతు కాబట్టి ఇరవైతో గుణిస్తే 112 వాట్లు. మళ్లీ లెక్కపెట్టాం, మళ్లీ 18. "వెయ్యి అని రాసి వంద ఇచ్చిండా సార్" అన్నాడు మల్లేశన్న. అంతే. ఎల్ఈడీ చిప్పు ఒక్కోటి గరిష్ఠంగా ఎంత మోయగలదో దాన్ని చిప్పుల సంఖ్యతో గుణించి డబ్బా మీద వేస్తారు, వాటికి నిజంగా ఇచ్చే కరెంటు అందులో చిన్న భాగమే.

కాబట్టి డబ్బా మీద, వెబ్ పేజీలో మొదట వెతకాల్సింది "ప్లగ్ నుంచి లాగే అసలు వాట్లు". రెండోది జౌలుకి ఎన్ని మైక్రోమోల్స్. అది ఎక్కడా రాయకపోతే ఆ లైటు వదిలేయండి, మంచి సరుకు అమ్మేవాడు ఆ అంకె దాచడు. మూడోది పీపీఎఫ్‌డీ పటం: లైటు కింద ఎంత ఎత్తులో, మధ్యలో ఎంత, మూలల్లో ఎంత అని గళ్లలో చూపిస్తారు. మధ్య గడిలో అంకె ఒక్కటే గొప్పగా చూపిస్తే నమ్మకండి, మూలలు చూడండి. మధ్యలో 600, మూలలో 80 ఉంటే మీ కూర మధ్యలో మాడి, అంచుల్లో సాగిపోతుంది.

చిప్పుల పేరు కూడా అడగండి. శాంసంగ్ ఎల్ఎం301 రకం చిప్పులకి పేరుంది, అందుకే ఆ పేరు చెప్పి వేరేవి అంటించి అమ్మేవాళ్లూ ఉంటారు, పేరు ఒక్కదాన్నే పట్టుకుని కొనకుండా పై అంకెలతో కలిపి చూసుకోండి. ఇక డ్రైవర్, అంటే కరెంటుని ఎల్ఈడీకి తగ్గట్టు మార్చే డబ్బా. లైట్లు పాడైతే సాధారణంగా ముందు పోయేది ఇదే. మన దగ్గర వర్షాకాలంలో ఉరుములతో కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరిపడుతుంది, కాబట్టి సర్జ్ రక్షణ ఎన్ని కిలోవోల్టులో అడగండి, 4 ఉంటే బాగుంటుంది. ఎల్ఈడీ డ్రైవర్లకి మన దేశంలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, దాని మీద ముద్ర, నంబరు ఉన్నాయో లేదో చూడండి. విడిగా మార్చుకునే డ్రైవర్ ఉన్న లైటే తీసుకోండి, రేపు పోతే కోఠి గుజరాతీ గల్లీలో అలాంటిదే వెతుక్కుని వేసుకోవచ్చు, లైటు మొత్తం పారేయక్కర్లేదు. డిమ్మర్, అంటే వెలుగు తగ్గించి పెంచే మర, ఉంటే దానికి రెండొందలు ఎక్కువైనా పెట్టండి. మొలకలకి తక్కువ, పెరిగాక ఎక్కువ అని తిప్పుకోవచ్చు.

షాపులో వెలిగించి చూపించమనండి, ఫోన్ కెమెరా పెట్టి చూడండి. తెర మీద నల్ల చారలు కదులుతూ కనిపిస్తే ఆ లైటు మినుకుతోందని అర్థం. మొక్కకి పెద్దగా నష్టం లేదు గానీ అదే గదిలో కూర్చునే మీకు తలనొప్పి రావచ్చు.

బిల్లు, వేడి

52 వాట్లు రోజుకి 14 గంటలు అంటే నెలకి 22 యూనిట్లు. 100 వాట్లయితే 42. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే నెలకి 176, 336. తేడా 160 రూపాయలు, ఏడాదికి 1900 పైన, బోర్డు ఎక్కువ ధర ఆ లెక్కలో ఎన్నాళ్లకి తీరుతుందో మీరే చూసుకోండి. ఒక్కటి గమనించండి, మన తెలంగాణలో బిల్లు స్లాబుల్లో ఉంటుంది. మీ ఇంటి వాడకం ఇప్పటికే 190 యూనిట్ల దగ్గర ఉంటే ఈ లైటు మిమ్మల్ని 200 దాటిస్తుంది, అప్పుడు మొదటి యూనిట్ల ధర కూడా మారుతుంది. పోయిన ఏడాది బిల్లులు తీసి చూసుకున్నాకే లైటు సైజు ఖాయం చేసుకోండి.

వేడి సంగతి బిల్లు కంటే పెద్దది. లైటు తాగిన కరెంటు దాదాపు మొత్తం చివరికి గదిలో వేడిగానే తేలుతుంది, ఎల్ఈడీ అయినా సరే. జనవరిలో అది మంచిదే. ఏప్రిల్, మేలో బయట 40 దాటినప్పుడు లోపల అల్మరాలో గాలి ఆడకపోతే మెంతి సాయంత్రానికి తల వాలుస్తుంది. ఎండ అస్సలు రాని మూలలో పెంచుతుంటే లైటుని రాత్రికి మార్చేయండి, సాయంత్రం 6కి వేసి పొద్దున 8కి ఆపండి, చల్లటి పూట వెలుగు, వేడి పూట చీకటి. కిటికీ పక్కన అయితే ఇది కుదరదు, పగటి వెలుతురు, రాత్రి లైటు కలిసి మొక్కకి చీకటే ఉండదు. అల్మరాలో ఒక చిన్న ఫ్యాను ఆకులు మెల్లగా కదిలేంత వేగంతో పెట్టండి, కాడలు కూడా గట్టిపడతాయి. డ్రైవర్ డబ్బాని వీలైతే అల్మరా బయటే ఉంచండి.

బిగించడం, కొలవడం

బోర్డుని ఆకులకి 30 నుంచి 40 సెంటీమీటర్ల పైన, బ్యాటెన్లని 15 నుంచి 20 పైన పెట్టి మొదలుపెట్టండి. గొలుసుతో వేలాడదీస్తే మొక్క పెరిగేకొద్దీ ఒక్కో కొక్కెం పైకి జరుపుకోవచ్చు. అల్మరా మూడు వైపులా తెల్లగా ఉంటే పక్కలకి పోయే వెలుగు తిరిగి ఆకుల మీదికే వస్తుంది. నేను పాత ఫ్లెక్సీ కత్తిరించి తెల్లగా ఉన్న వెనక వైపు లోపలికి వచ్చేలా కట్టాను, తడిసినా తుడిస్తే పోతుంది. అది కట్టక ముందు, కట్టిన తర్వాత మూలల్లో కొలిచాను, 7,000 లక్స్ (కంటి లెక్కలో వెలుతురు కొలత) కాస్తా 9,500 అయింది.

అవును, ఫోన్‌తోనే కొలవొచ్చు. లక్స్ కొలిచే యాప్ ఏదైనా వేసుకుని ఫోన్‌ని ఆకుల ఎత్తులో తెర పైకి ఉండేలా పడుకోబెట్టండి. వచ్చిన లక్స్‌ని 65 లేదా 70తో భాగిస్తే తెల్ల ఎల్ఈడీకి పీపీఎఫ్‌డీ సుమారుగా వచ్చేస్తుంది, అంటే 13,000 లక్స్ అంటే 200 దగ్గర. ఎండకి అయితే 54తో భాగించాలి. ఊదా లైటుకి ఈ లెక్క పనిచేయదు. ఫోన్ ఫోన్‌కీ తేడా ఉంటుంది, అంకె కచ్చితం కాకపోయినా మధ్యకీ మూలకీ తేడా తెలుస్తుంది, ఈ నెలకీ పోయిన నెలకీ తేడా తెలుస్తుంది, మనకి కావాల్సింది అదే.

కరెంటు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. నీళ్లు, కరెంటు ఒకే అల్మరాలో ఉంటాయి. మూడు పిన్నుల ప్లగ్, సరైన ఎర్త్, ఇంట్లో షాక్ కొడితే వెంటనే కరెంటు కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ముందు అది పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద, కుండీల కింద పెట్టొద్దు. వైరు ప్లగ్‌లోకి వెళ్లే ముందు ఒకసారి కిందికి వంగి పైకి వెళ్లేలా వదలండి, తడి వైరు వెంట జారినా ఆ వంపు దగ్గరే బొట్టుగా రాలిపోతుంది, స్విచ్‌లోకి వెళ్లదు. నీళ్లు పోసేటప్పుడు లైటు ఆపండి.

టైమర్ తప్పకుండా కొనండి. మరలతో తిరిగే టైమర్ చవకే, కానీ కరెంటు పోయినప్పుడు దాని గడియారం కూడా ఆగిపోతుంది, వారంలో రెండు గంటలు కరెంటు పోతే మీ మొక్కల పొద్దు రెండు గంటలు జరుగుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ అయితే ఆ బాధ లేదు.

మొదటి రెండు వారాలు రోజూ చూడండి

ఇక అంకెలు పక్కన పెట్టి మొక్కని చూడాలి. మొలక కాడ పొడవుగా సాగి ఒక వైపుకి వంగుతుంటే వెలుగు చాలట్లేదు, లైటు ఐదు సెంటీమీటర్లు దించండి. పై ఆకులు తెల్లబారి, అంచులు పైకి దొన్నెలా ముడుచుకుంటే వెలుగు ఎక్కువైంది, పైకి లేపండి లేదా డిమ్మర్ తిప్పండి. కింది ఆకులు మాత్రమే పసుపు తిరిగితే అది లైటు కాదు, ఎరువు చాలక కావచ్చు. వెలుగు పెరిగితే మొక్క ఎక్కువ తింటుంది, ఎక్కువ తాగుతుంది, అది గుర్తుంచుకుని వర్మీకంపోస్టు, నీళ్లు కొంచెం పెంచండి. నెలకోసారి లైటు ఆపి పొడి గుడ్డతో దుమ్ము తుడవండి, మెట్రో పనులో, రోడ్డు తవ్వడమో జరిగే వీధుల్లో ఉండేవాళ్లు రెండు వారాలకోసారి తుడవాలి.

కొత్తిమీర వేసేవాళ్లకి చివరగా. ధనియాలు అలాగే చల్లొద్దు, ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి, చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండుగా చేసి, రాత్రంతా నానబెట్టి చల్లండి, పది రోజుల్లో మొలకలు వస్తాయి. మొలక కనిపించిన రోజు నుంచే లైటు 12 గంటలు వేయండి, ఒక్క రోజు ఆలస్యమైనా సాగుతుంది. ఏప్రిల్, మేలో ఏసీ లేని గదిలో దాన్ని వేయకండి, లైటు ఎంత మంచిదైనా ఆ వేడికి పూతకి పోతుంది. ఆ రెండు నెలలు అల్మరాలో గోంగూర, పుదీనా ఉంచుకుని, మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడి గది చల్లబడ్డాక మళ్లీ ధనియాలు నానబెట్టండి.